అభిమాన బ్యాండ్ టూర్ వెంట స్నేహితులతో: తరచుగా అడిగే ప్రశ్నలు

నచ్చిన బ్యాండ్ టూర్ ప్రకటించగానే స్నేహితుల గ్రూపులో మొదట వచ్చే మెసేజ్ "వెళ్దామా?" అని. రెండోది "ఎన్ని షోలకి?" అని. ఆ రెండో మెసేజ్ దగ్గర ఆగి ఆలోచిస్తున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నేను చాలా ఏళ్ళుగా అదే ముగ్గురు స్నేహితులతో ఇలా తిరుగుతున్నాను. కొత్తగా బయల్దేరేవాళ్ళు నన్ను అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఇవే.

ఒకసారి చూసిన బ్యాండ్‌ని మళ్ళీ ఇంకో ఊళ్ళో చూడడం దేనికి?

అది బ్యాండ్‌ని బట్టి ఉంటుంది. కొన్ని బ్యాండ్‌లు ప్రతి రాత్రీ పాటల వరస మార్చేస్తాయి. అమెరికాలో 1965 నుంచి 1995 దాకా వాయించిన గ్రేట్‌ఫుల్ డెడ్ అలాంటిదే. ముప్పై ఏళ్ళలో 2,300కి పైగా కచేరీలు చేశారు. ఈ రోజు ఏ పాట వస్తుందో, అది ఎంతసేపు సాగుతుందో ముందుగా ఎవరికీ తెలిసేది కాదు. వాళ్ళ వెంట ఊరూరా తిరిగినవాళ్ళకి డెడ్‌హెడ్స్ అన్న పేరే స్థిరపడింది. ఫిష్ అనే బ్యాండ్ 2017లో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో 13 రాత్రులు వాయించి, ఒక్క పాట కూడా రెండోసారి ముట్టుకోలేదు. ఇలాంటి బ్యాండ్‌ని ఒక్కసారే చూడడమంటే వారపత్రిక సీరియల్‌లో ఒక్క వారం చదివి వదిలేసినట్టే.

కొన్ని టూర్లలో షో మొత్తం ముందే కుదిర్చి పెట్టి ఉంటుంది. టేలర్ స్విఫ్ట్ ఎరాస్ టూర్ 2023 మార్చి నుంచి 2024 డిసెంబర్ దాకా 149 షోలు నడిచింది. వరస చాలావరకు ఒకటే. రోజూ మారే సర్‌ప్రైజ్ పాటల కోసమే మళ్ళీ మళ్ళీ వెళ్ళినవాళ్ళు ఎందరో.

వరస మారకపోయినా చూసే కళ్ళు మారతాయి. మొదటి రాత్రి నేను గాయని ముఖం తప్ప ఇంకేమీ చూడలేదు. మూడో రాత్రికి డ్రమ్మర్ మీద దృష్టి పడింది. ప్రతి నెమ్మది పాటకి ముందూ అతను కర్రలు ఒళ్ళో పెట్టుకుని, రెండు అరచేతులూ ప్యాంటుకి తుడుచుకుని, బాసిస్ట్ వైపు ఒక్కసారి చూసేవాడు. ఆమె తలూపాకే మొదలుపెట్టేవాడు. ఆ ఒక్క చూపు కోసం నాలుగో షోకి వెళ్ళాను. పక్కనున్న నా స్నేహితుడు కూడా అదే చూస్తున్నాడని అప్పుడే తెలిసింది.

మొదటిసారి ఎన్ని షోలు పెట్టుకోవాలి?

మూడు. పట్టుదల ఉంటే నాలుగు. ఒకే ఊళ్ళో వరసగా రెండు రాత్రులు, ఒకరోజు విశ్రాంతి, తర్వాత ఇంకో ఊళ్ళో ఒక షో. ఇది ఎవరైనా తట్టుకోగల లెక్క. టూర్‌లో బ్యాండ్‌కీ సిబ్బందికీ కూడా ఖాళీ రోజులు ఉంటాయి. వాళ్ళు బస్సులో పడుకుని ప్రయాణం చేస్తారు, సామాను మోయడానికి వేరే మనుషులుంటారు. అయినా వాళ్ళకి విశ్రాంతి కావాలి. మన సంచులు మనమే మోసుకునేవాళ్ళం, మనకి అక్కర్లేదా?

మేము ఒకసారి ఆరు రోజుల్లో అయిదు షోలు పెట్టుకున్నాం. నాలుగోది ఎలా జరిగిందో మాలో ఎవరికీ సరిగ్గా గుర్తులేదు. అన్ని నెలలు ఎదురుచూసిన రాత్రి అది. ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఏ ఊళ్ళు ఎంచుకోవాలి?

ఊరి పేరు కన్నా హాలు ఎక్కడుందో ముందు చూడండి. పోస్టర్ మీద పెద్ద నగరం పేరు ఉంటుంది, స్టేడియం మాత్రం ఊరి బయట ఎక్కడో ఉంటుంది. షో అయ్యేసరికి ఆఖరి రైలు వెళ్ళిపోయి ఉంటుంది. టికెట్ కొనకముందే, ఆ రాత్రి పదకొండున్నరకి అక్కడి నుంచి గదికి ఎలా చేరతామన్నది మ్యాప్‌లో చూసుకోవాలి.

టూర్ మొట్టమొదటి షో కన్నా రెండో వారం షోలు నాకు ఇష్టం. అప్పటికి సౌండూ లైట్లూ కుదురుకుని ఉంటాయి, వాయించేవాళ్ళ ఒంట్లో టెన్షన్ పోయి ఉంటుంది. స్టేడియం, చిన్న హాలు రెండూ ఉన్న టూర్ అయితే కళ్ళు మూసుకుని చిన్న హాలుకే వెళ్ళండి.

ఎంతమంది కలిసి వెళ్తే బాగుంటుంది?

నలుగురు. ఒక కారు, రెండు గదులు, పక్కపక్కన నాలుగు సీట్లు. అయిదో మనిషి వస్తే ప్రతిదానికీ రెండోది వెతకాలి.

టికెట్లు ఎవరు కొనాలి?

ఇక్కడ జరిగే మామూలు పొరపాటు ఏమిటంటే, అమ్మకం మొదలవగానే నలుగురూ నాలుగు ఫోన్లలో ప్రయత్నించడం, ముగ్గురికి నాలుగేసి దొరకడం, చేతిలో పన్నెండు టికెట్లు ఉండడం. క్యూలో నలుగురూ చేరండి, తప్పులేదు. కానీ మొదట దొరికినవాళ్ళు గ్రూపులో ఒక్క మాట పెట్టేదాకా మిగతావాళ్ళు డబ్బు కట్టే బటన్ నొక్కకూడదని ముందే ఒప్పందం ఉండాలి. గరిష్ఠంగా ఎంత పెట్టొచ్చు, ఏ వరస సీట్ల దాకా ఫరవాలేదు అన్నవి కూడా ముందు రోజే రాసి పెట్టుకోండి. క్యూ కదిలాక ఆలోచించుకునే టైమ్ ఉండదు.

ఫ్యాన్ క్లబ్‌లో చేరితే అసలు అమ్మకానికి ముందే అవకాశం దొరికే బ్యాండ్‌లు చాలా ఉన్నాయి. ఇది కొత్త పద్ధతేమీ కాదు. గ్రేట్‌ఫుల్ డెడ్ 1983లోనే అభిమానులకి నేరుగా పోస్టులో టికెట్లు అమ్మడం మొదలుపెట్టింది. జనం టికెట్ల కోసం పంపే కవర్ల మీద రంగురంగుల బొమ్మలు వేసేవారు. ఆ కవర్లని ఇప్పటికీ కళాఖండాల్లా భద్రం చేసుకున్నారు.

టికెట్ మీద పేరు ఉంటుందా, ఇంకొకరికి బదిలీ చేయొచ్చా అన్నది కొనే రోజే చూసుకోండి. నాలుగూ ఒక్కరి ఫోన్‌లోనే ఉంటే, ఆ ఫోన్ చార్జింగ్ అయిపోయిన రోజు నలుగురూ గేటు బయటే.

టికెట్ దొరకలేదు. అయినా వెళ్ళి, అక్కడ చూసుకుందామా?

వద్దు. డెడ్‌హెడ్స్‌లో ఒక అలవాటు ఉండేది. టికెట్ లేనివాళ్ళు పార్కింగ్ స్థలంలో ఒక వేలు పైకెత్తి తిరిగేవారు, ఎవరో ఒకరు మిగిలిన టికెట్ చేతిలో పెట్టేవారు. దాన్ని మిరకిల్ అనేవారు. వినడానికి ఎంతో బాగుంటుంది. కానీ 1995 జూలై 2న ఇండియానాలోని డీర్ క్రీక్‌లో గ్రేట్‌ఫుల్ డెడ్ కచేరీకి టికెట్ లేని జనం కంచె పడగొట్టి లోపలికి దూరారు. మర్నాటి షో రద్దయింది. ఆ టికెట్లు కొనుక్కుని దూరాల నుంచి వచ్చినవాళ్ళు ఏం పాపం చేశారు? ఆ ఆగస్టులోనే బ్యాండ్ గిటారిస్ట్, గాయకుడు జెర్రీ గార్సియా చనిపోయాడు. ఆ బ్యాండ్ ప్రయాణం అక్కడితో ముగిసింది.

రీసేల్‌లో కొనాలంటే అసలు ధరకే చేతులు మార్చే చోట వెతకండి. ట్విక్కెట్స్, క్యాష్ ఆర్ ట్రేడ్ లాంటి సైట్లు అందుకోసమే ఉన్నాయి. జపాన్ 2019లో, ఐర్లాండ్ 2021లో అధిక ధరకి తిరిగి అమ్మడాన్ని అడ్డుకునే చట్టాలు తెచ్చాయి. స్క్రీన్‌షాట్ పంపి డబ్బు అడిగేవాళ్ళని మాత్రం నమ్మకండి. చాలా టికెట్లలో కోడ్ కొన్ని సెకన్లకోసారి మారిపోతుంది, స్క్రీన్‌షాట్ గేటు దగ్గర పనికిరాదు.

డబ్బు దగ్గర మొహమాటం వస్తుంది. ఎలా?

నా దృష్టిలో మొత్తం టూర్‌లో ముఖ్యమైన ప్రశ్న ఇదే. టికెట్లు దొరక్క విడిపోయిన స్నేహాలు నేను చూడలేదు. డబ్బు గురించి మాట్లాడక చెడినవి చూశాను.

మా రెండో టూర్‌లో మాలో ఒకమ్మాయి ప్రతి పూటా "నాకు ఆకలి లేదు, మీరు తినండి" అనేది. అలసట అనుకున్నాం. మూడో రోజు షో మధ్యలో తనకి కళ్ళు తిరిగాయి. మెట్ల మీద కూర్చోబెట్టి నీళ్ళు తాగిస్తుంటే అసలు సంగతి చెప్పింది. మేం ముగ్గురం హుషారుగా "మంచి హోటల్ తీసుకుందాం" అని ఓటేసినప్పుడు తను కాదనలేకపోయింది. తన దగ్గరున్నదంతా గదికే అయిపోయింది. తిండి మానేసి మాతో పాటు నవ్వుతూ తిరిగింది. మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తప్పు తనది కాదు. తను చెప్పగలిగేలా మేం అడగలేదు.

అప్పటి నుంచి మా పద్ధతి మారింది. బుకింగ్‌కి ముందు ప్రతి ఒక్కరూ ఈ టూర్‌కి మొత్తం ఎంత పెట్టగలరో ఒక అంకె నాకు విడిగా పంపుతారు. అందులో తక్కువ అంకెకి సరిపడేలా ప్లాన్ వేస్తాం. ఆ అంకె ఎవరిదో నేను చెప్పను, ఎవరూ అడగరు. ఉమ్మడి ఖర్చులకి బయల్దేరే ముందే సమానంగా డబ్బు వేసి ఒకరి దగ్గర ఉంచుతాం. పెట్రోలు, గది, పార్కింగ్, తిండి అన్నీ అందులోంచే. టీషర్టులూ పోస్టర్లూ ఎవరివి వాళ్ళవే. లెక్కకి స్ప్లిట్‌వైజ్ లాంటి యాప్ చాలు. కానీ అది ఏ రోజు ఖర్చు ఆ రోజే ఎక్కించాలి. ఇంటికి వచ్చాక కూర్చుంటే ఎవరికీ ఏదీ గుర్తుండదు.

షో రద్దయితే ఖర్చంతా పోయినట్టేనా?

టికెట్ డబ్బు మామూలుగా తిరిగి వస్తుంది. రైలు, విమానం, గది డబ్బుకి ఆ హామీ లేదు. అందుకే గదులు చివరి రోజుల దాకా రద్దు చేసుకునే వీలున్నవే తీసుకోండి, కాస్త ఎక్కువైనా సరే. ప్రయాణ బీమా తీసుకుంటే, కచేరీ రద్దు కావడం అందులోకి వస్తుందో లేదో చదివి తీసుకోండి. చాలా పాలసీల్లో అది ఉండదు.

షో వాయిదా పడితే డబ్బు అడగడానికి గడువు ఉంటుంది. ఆ తేదీ దాటనివ్వకండి.

2004 ఆగస్టులో ఫిష్ బ్యాండ్ వెర్మాంట్‌లోని కోవెంట్రీలో పెట్టిన కచేరీకి వానలతో మైదానమంతా బురదైపోయింది. దారిలో ఉన్నవాళ్ళని వెనక్కి వెళ్ళిపొమ్మని బ్యాండ్ సభ్యుడే రేడియోలో చెప్పాల్సి వచ్చింది. చాలామంది కార్లు హైవే పక్కనే వదిలేసి మైళ్ళకి మైళ్ళు నడిచి వెళ్ళారు. 2024 ఆగస్టులో వియన్నాలో టేలర్ స్విఫ్ట్ మూడు షోలు ఉగ్రదాడి పథకం బయటపడడంతో రద్దయ్యాయి. అప్పటికే ఎక్కడెక్కడి నుంచో వచ్చి దిగినవాళ్ళు వీధుల్లో చేరి కలిసి పాడారు, చేతి బ్రేస్‌లెట్లు మార్చుకున్నారు. షో జరగని ఊరు కూడా గుర్తుండిపోవచ్చు. కానీ అందుకు పక్కన మనవాళ్ళు ఉండాలి.

షో అయ్యాక రాత్రికి రాత్రే డ్రైవ్ చేసి తర్వాతి ఊరు వెళ్ళొచ్చా?

ఈ ఒక్క విషయంలో నేను బతిమాలతాను, వెళ్ళకండి. షో అయ్యాక ఒంట్లో ఉండే హుషారు అరగంట, గంట. తర్వాత అది ఒక్కసారిగా దిగిపోతుంది. పొద్దున్న ఏడింటికి లేచినవాళ్ళకి అర్ధరాత్రికి 17 గంటల మెలకువ అవుతుంది. ఆ స్థితిలో మెదడు స్పందించే వేగం రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నప్పటి స్థాయికి పడిపోతుందని పరిశోధనలు చెబుతున్నాయి. చాలా దేశాల్లో డ్రైవింగ్‌కి అది చట్టం గీసిన గీత. ఒక్క చుక్క తాగకపోయినా అంతే.

అద్దాలు దించడం, పాటలు పెంచడం నిద్రని ఆపవు. కాఫీ పనిచేయడానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. తప్పనిసరైతే సురక్షితమైన చోట కారు ఆపి, కాఫీ తాగి, వెంటనే ఒక ఇరవై నిమిషాలు కునుకు తీయండి. అది కూడా గదికి చేరడానికే, తర్వాతి ఊరికి కాదు. డ్రైవ్ చేసేవాళ్ళ పక్కసీట్లో ఉన్న మనిషి నిద్రపోకూడదు. మాలో ఇది రాయని చట్టం.

విదేశాల్లో షోలకి వీసా సంగతేమిటి?

టూర్ తేదీలు దేశాల సరిహద్దులు చూసుకుని రావు. ప్యారిస్, లండన్, బెర్లిన్ అని వరసగా ఉంటే, లండన్ షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగల యూరప్ దేశాల కూటమిలో, లేదు. వీసా అవసరమైనవాళ్ళకి బ్రిటన్ వీసా విడిగా కావాలి, తిరిగి బెర్లిన్ రావడానికి ఒకటి కన్నా ఎక్కువసార్లు ప్రవేశించే షెంగెన్ వీసా ఉండాలి. షెంగెన్ వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. నలుగురి పాస్‌పోర్టుల గడువు తేదీలూ మొదటి రోజే గ్రూపులో పెట్టించండి.

చెవులకి ప్లగ్గులు పెట్టుకుంటే పాట బాగా వినిపించదు కదా?

వినిపిస్తుంది, ఇంకా బాగా. సంగీతం కోసం చేసిన ప్లగ్గులు హెచ్చు స్వరాలనీ మంద్రాన్నీ ఇంచుమించు సమానంగా తగ్గిస్తాయి. స్పాంజి ప్లగ్గులు హెచ్చు స్వరాలని ఎక్కువ మింగేస్తాయి. అందుకే అవి పెట్టుకున్నవాళ్ళకి పాట మూసుకుపోయినట్టుంటుంది.

లెక్క ఇది. 85 డెసిబెల్స్ శబ్దాన్ని 8 గంటలు భరించొచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గరికి వచ్చేసరికి మిగిలేది 15 నిమిషాలు. కచేరీ రెండు, మూడు గంటలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన ప్రమాణం కూడా హాళ్ళలో సగటు శబ్దం 100 డెసిబెల్స్ దాటకూడదంటోంది. ఒక్క షో తర్వాత చెవుల్లో గుయ్ మంటే మర్నాటికి తగ్గొచ్చు. వరసగా నాలుగు రాత్రులంటే చెవికి కోలుకునే వ్యవధే దొరకదు. లోపలి చెవిలో శబ్దాన్ని అందుకునే రోమకణాలు పోతే మళ్ళీ పుట్టవు. ఈ సంగీతాన్ని అరవై ఏళ్ళ వయసులో కూడా వినాలి కదా మనం.

ముందు వరస కోసం పొద్దుటి నుంచి క్యూలో నిలబడాలా?

ఒక్కసారి నిలబడి చూడండి, ఆ అనుభవం వేరు. ప్రతి షోకీ మాత్రం వద్దు. సౌండ్ బాగా వినిపించేది వేదిక ముందుండే రెయిల్ (అడ్డుకమ్మీ) దగ్గర కాదు, సౌండ్ సరిచేసే మిక్సింగ్ డెస్క్ దగ్గర. సౌండ్ ఇంజనీర్ తన చెవికి వినిపించేదాన్ని బట్టే అన్నీ సరిచేస్తాడు కాబట్టి, అతని పక్కన నిలబడితే అతను విన్నదే మీరూ వింటారు.

గుంపు గురించి మాత్రం జాగ్రత్తగా వినండి. 1979 డిసెంబర్ 3న అమెరికాలోని సిన్సినాటిలో ది హూ అనే బ్యాండ్ కచేరీకి సీటు నంబర్లు లేని టికెట్లు అమ్మారు. తలుపుల దగ్గర తొక్కిడిలో 11 మంది చనిపోయారు. 2000లో డెన్మార్క్‌లోని రోస్కిల్డ్‌లో పెర్ల్ జామ్ బ్యాండ్ వాయిస్తుండగా 9 మంది, 2021లో హ్యూస్టన్‌లోని ఆస్ట్రోవరల్డ్ సంగీతోత్సవంలో 10 మంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. అందరూ మనలాగే పాట వినడానికి వెళ్ళినవాళ్ళు. ఇలాంటి చోట్ల ఎక్కువగా ఊపిరి ఆడకే ప్రాణం పోతుంది. నాలుగు వైపులా ఒళ్ళు తగులుతూ, మీ ప్రమేయం లేకుండా మీరు కదులుతున్నారంటే అప్పుడే బయటికి రండి. ఇష్టమైన పాట మధ్యలో ఉన్నా సరే. చేతులు ఛాతీ ముందు మడిచి ఊపిరికి చోటు ఉంచుకోండి. ఎదురు తోయకుండా, అల తగ్గినప్పుడల్లా ఐమూలగా పక్కకి జరగండి. పడిపోయినవాళ్ళని వెంటనే లేపండి.

లోపలికి వెళ్ళగానే "తప్పిపోతే ఇక్కడ" అని ఒక చోటు అనుకోండి. అంతమంది ఉన్నచోట ఫోన్లు చాలాసార్లు పనిచేయవు.

బ్యాగులో ఏం ఉండాలి?

చాలా తక్కువ. ఎన్నో హాళ్ళలో పారదర్శకమైన చిన్న సంచినే రానిస్తున్నారు, కొలతలు ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి. పవర్ బ్యాంక్ తప్పనిసరి. విమానంలో దాన్ని చేతి సంచిలోనే పెట్టుకోవాలి, 100 వాట్-అవర్ల లోపు ఉండాలి. మామూలు 20,000 ఎంఏహెచ్‌ది సుమారు 74 అవుతుంది, ఇబ్బంది లేదు. బూట్లు కొత్తవి వద్దు.

వీడియో తీసుకోవచ్చా?

బ్యాండ్ ఒప్పుకుంటే తీసుకోండి. గ్రేట్‌ఫుల్ డెడ్ 1984లో రికార్డు చేసుకునేవాళ్ళ కోసం సౌండ్ డెస్క్ వెనక ప్రత్యేకంగా చోటే కేటాయించింది. ఆ టేపులు చేతులు మారుతూ వెళ్ళడం వల్లే ఎందరో వాళ్ళ సంగీతం విన్నారు. 1977 మే 8న కార్నెల్ విశ్వవిద్యాలయంలో వాళ్ళు చేసిన కచేరీ టేపు 2011లో అమెరికా జాతీయ రికార్డింగ్ రిజిస్ట్రీలో చేరింది. దాన్ని రికార్డు చేసింది బ్యాండ్ మనిషే అయినా, చేతి నుంచి చేతికి తిప్పింది అభిమానులు.

ఫోన్ ఎత్తిపట్టుకుంటే వెనకవాళ్ళకి తెర అడ్డం వస్తుంది. మేం మనిషికి ఒక పాట అని పంచుకుంటాం. మిగతాదంతా కళ్ళతోనే.

సెట్‌లిస్ట్ (పాటల వరస) ముందే చూసుకోవాలా?

మీ ఇష్టం. కానీ చూసినవాళ్ళు చూడనివాళ్ళకి చెప్పకూడదు.

వినికిడి లోపం లేదా నడవలేని ఇబ్బంది ఉన్న స్నేహితులని తీసుకెళ్ళగలమా?

తప్పకుండా. వీల్‌చైర్ సీట్లు తక్కువ ఉంటాయి, చాలా హాళ్ళలో వాటికి విడిగా ఫోన్ చేయాలి. అందుకని మొదట ఆ సీటు ఖాయం చేసుకుని, తర్వాతే మిగతావాళ్ళవి కొనండి. సైగల అనువాదకులు కావాలంటే కొన్ని వారాల ముందే అడగాలి. డెడ్‌హెడ్స్‌లో చెవులు వినిపించనివాళ్ళు కూడా ఉండేవారు. బెలూన్లు పట్టుకుని, వాటి కంపనంలో పాటని వేళ్ళతో అందుకునేవారు. అది చదివాక మేం కూడా ఒక నెమ్మది పాటకి బెలూన్ పట్టుకుని చూశాం. బాస్ గిటార్ అరచేతుల్లో కొట్టుకుంది.

దారిలో గొడవ పడితే?

పడతారు. అయిదో రోజు సాయంత్రం, నిద్ర లేక, ఎక్కడ తిందామన్న దాని మీద పడతారు. అందుకే రోజూ ఒక గంట ఎవరి మానాన వాళ్ళం ఉంటాం. ఒకరు పడుకుంటారు, ఒకరు ఊరు చూస్తారు, ఎవరూ ఎవర్నీ "ఎక్కడికి?" అని అడగరు. షో వద్దు, గదిలో ఉంటానని ఒకరంటే బుజ్జగించకండి, అలగకండి. ఆ టికెట్ బయట ఎవరికైనా ఇచ్చేయండి. మేం ఒకసారి అలా ఇస్తే, అందుకున్న కుర్రాడు షో అంతా మా పక్కనే నిలబడి ప్రతి పాటా పదం తప్పకుండా పాడాడు. గదిలో ఉండిపోయినవాడికి ఆ సంగతి చెప్తే, తను వచ్చి ఉన్నదానికన్నా ఎక్కువ సంతోషపడ్డాడు.

బ్యాండ్ వాళ్ళు ఉన్న హోటల్‌కి వెళ్ళి కలవొచ్చా?

వెళ్ళకండి. అది వాళ్ళు నిద్రపోయే చోటు.

తిరిగి వచ్చాక ఏదో వెలితిగా ఉంటోంది. అందరికీ ఇంతేనా?

చాలామందికి ఇంతే. మర్నాడే ఆఫీసుకి వెళ్ళకుండా ఒక్కరోజు చేతిలో ఉంచుకోండి. మేం చేసే ఇంకో పని ఉంది. ప్రతి షో అయ్యాక, పడుకునే ముందు, ఒక చిన్న నోట్‌బుక్‌లో నలుగురం తలా ఒక్క వాక్యం రాస్తాం. ఒకరు రాసింది ఒకరు చదవకూడదు. ఇంటికి చేరిన వారానికి కలిసి కూర్చుని పైకి చదువుతాం. పోయినసారి ఆఖరి షో పేజీలో మూడు వాక్యాలు పాటల గురించి ఉన్నాయి. నాలుగోది, ఒకప్పుడు కళ్ళు తిరిగి మెట్ల మీద కూర్చున్న ఆ అమ్మాయి రాసింది: "ఈసారి మూడు పూటలా తిన్నాను."